“రంగు తక్కువ” అంటే ఎంత తక్కువ?

“పిల్ల బాగుంది, చదువుంది, కాకపోతే కాస్త రంగు తక్కువ.” పెళ్ళి మాటలు నడిచే ఇళ్ళల్లో ఈ మాట మీరూ వినే ఉంటారు. ఉప్పు తక్కువ అంటే అర్థం ఉంది. తూకం తక్కువ అన్నా అర్థం ఉంది. ఒంటి రంగు తక్కువ కావడం ఏమిటి? దానికి ఈ తూకం ఎవరు పెట్టారు?

మా ఆడపడుచు కూతురికి సంబంధాలు చూస్తున్నారు. ఆ ఒక్క మాటను అడ్డం పెట్టుకుని ఇంకో పది తులాలు అడిగినవాళ్ళున్నారు. పిల్ల పైకి ఏమీ అనదు. కానీ ఫొటోలు దిగడం మానేసింది. ఆ సంగతి మనసులో పడ్డాక, మా చుట్టుపక్కల ఊళ్ళను ఇదే ప్రశ్నతో చూడడం మొదలుపెట్టాను.

మాది హిందూపురం. ఇక్కడ రైలెక్కితే పెనుకొండ, ఆ తర్వాత ధర్మవరం. 2022 ఏప్రిల్ 4 నుంచి మూడూ శ్రీ సత్యసాయి జిల్లాలోనే ఉన్నాయి. అయితే అందం గురించి, ఒంటి గురించి ఈ మూడు చోట్లా కనబడే లెక్కలు మాత్రం వేరువేరు.

హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో లేపాక్షి. అచ్యుతదేవరాయల కాలంలో, 1530ల్లో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన వీరభద్రస్వామి గుడి అది. ఈసారి వెళ్ళినప్పుడు మెడ నొప్పి పుట్టినా సరే, తల పైకెత్తి కప్పు మీది బొమ్మలు చూడండి. ఆడవాళ్ళ ముఖాలన్నీ దాదాపు ఒకే పోత. పక్కకు తిరిగిన ముఖం, కోసుదేరిన ముక్కు, పెద్ద కన్ను. ఎవరు ఎక్కువ అందగత్తె అని ముఖాలు చూసి తేల్చలేం. తేడా అంతా చీరల్లో, జడల్లో, నగల్లో ఉంది. ఒకచోట పార్వతిని పెళ్ళికూతురిగా ముస్తాబు చేస్తుంటారు. ఇంకోచోట ద్రౌపది స్వయంవరం. ద్రౌపదికి కృష్ణ అని ఇంకో పేరు ఉంది. నల్లనిది కాబట్టే ఆ పేరు. ఆమెను గెలుచుకోవడానికి రాజులు వరస కట్టారు గానీ రంగుకు పరిహారం అడిగినట్టు ఏ కథా చెప్పదు.

అలాగని పాతకాలమంతా బంగారమే అననులేండి. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, మహర్నవమి ఉత్సవంలో అంతఃపురం స్త్రీలను చూశాడు. కడియాలు, నగల బరువుకు చేతులు ఎత్తలేక, పక్కవాళ్ళు పట్టుకుని నడిపించారని రాశాడు. అందం కోసం ఒళ్ళు బరువు మోయడం అప్పుడూ ఉంది. అదే పేస్ కృష్ణదేవరాయల గురించి రాస్తూ ఆయనది తెల్లని ఛాయ అనీ, ముఖం మీద మశూచి మచ్చలున్నాయనీ చెప్పాడు. ఆ మచ్చల వల్ల రాయల గొప్పతనం ఒక్క వీసమైనా తగ్గిందా?

1565 యుద్ధంలో విజయనగరం పాడయ్యాక రాజధాని పెనుకొండకు వచ్చింది. కోట, గగన్‌మహల్ అందరూ చూస్తారు. అక్కడే పార్శ్వనాథ జినాలయం కూడా ఉంది. దిగంబర జైనులకు తీర్థంకరుడి విగ్రహంలో నగ ఉండదు, కోపం ఉండదు, కోరిక ఉండదు. నిలబడి ధ్యానం చేసే ఆ భంగిమను కాయోత్సర్గం అంటారు, అంటే ఒంటి మీద మమకారం వదిలేయడం. లేపాక్షిలో ఒంటిని అలంకరిస్తే, ఇక్కడ ఒంటిని మరిచిపోవడమే అందం. అదే ఊళ్ళో బాబయ్య దర్గా. హిందువులూ ముస్లింలూ కలిసి వెళ్ళే చోటు. అక్కడ బొమ్మే లేదు. సమాధి మీద చాదర్, పూలు. ఆ మనిషి తెలుపో నలుపో, పొడుగో పొట్టో చెప్పే బొమ్మ ఒక్కటీ లేకుండానే జనం తరతరాలుగా దణ్ణం పెడుతున్నారు.

ఇక ధర్మవరం, మనందరికీ ఇష్టమైన ఊరు. పట్టుచీరకు సైజు లేదు, గమనించారా? మా అత్తగారి పెళ్ళిచీర నేను కట్టుకున్నాను. ఆమెకన్నా నేను జానెడు పొట్టి, బాగా లావు. చీర ఏమీ అనలేదు, నాలుగు కుచ్చిళ్ళు తగ్గాయంతే. కుట్టిన బట్టలకే ఎస్, ఎం, ఎల్. చీర మాత్రం మనిషిని బట్టి ఒదుగుతుంది. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు వేసి నేసే ధర్మవరం చీర వెలుతురు పడిన వైపు ఒక రంగు, మడతలో ఇంకో రంగు చూపిస్తుంది. మగ్గం ముందు కూర్చున్నవాళ్ళకి ఏ రంగూ తక్కువ కాదు. దేని పక్కన ఏది నిలుస్తుందన్నదే వాళ్ళ లెక్క.

మరి కొలతలు ఎప్పుడు వచ్చాయి? మా ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో ఎడ్గర్ థర్స్టన్ అనే మద్రాసు మ్యూజియం అధికారి జనం తలలు, ముక్కులు పరికరాలతో కొలిపించాడు. 1909లో దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు అచ్చేశాడు. ముక్కు వెడల్పును బట్టి మనిషి స్థాయి చెప్పొచ్చని ఆ కాలం పెద్దలు నమ్మారు. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది. కానీ 1975లో మార్కెట్లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ ట్యూబును మన ఇళ్ళల్లో ఎవరూ నవ్వి అవతల పెట్టలేదు. 2020లో దాని పేరులోంచి ఫెయిర్ పోయింది. మన పెళ్ళి మాటల్లోంచి ఇంకా పోలేదు.

తెలుపు మీద మోజు అంతా తెల్లవాళ్ళే తెచ్చారని నేను అనను. మనవాళ్ళలోనూ ఉంది. “నలుపు నారాయణుడు మెచ్చు” అనే సామెత ఓదార్పుగా పుట్టిందంటేనే, ఓదార్చాల్సిన అవసరం అప్పుడే ఉందన్నమాట. నేను చెప్పేదల్లా, మన నేల మీద అందానికి ఒకే కొలబద్ద ఎప్పుడూ లేదని. అలంకరించిన ఒళ్ళు, మరిచిపోయిన ఒళ్ళు, కంటికి కనబడని ఒళ్ళు, చీరలో ఒదిగిన ఒళ్ళు అన్నీ పక్కపక్కనే బతికాయి. అన్నిటినీ పక్కకు తోసి, ఒక్క రంగు పట్టుకుని పది తులాలు అడగడం సంప్రదాయం కాదు, బేరం. బేరమని తెలిస్తే కాదనడం తేలిక.

మా హిందూపురం మార్కెట్లో పూలమ్మే ఆమె ఇప్పటికీ మల్లెలు మూర లెక్కనే ఇస్తుంది, తన మోచేతితోనే కొలిచి. జాన, బెత్తెడు, మూర, బార అన్నీ మన ఒంటి నుంచి పుట్టిన కొలతలే. లోకాన్ని కొలవడానికి పనికొచ్చిన ఒళ్ళు ఇది. పిల్లలకు ఆ సంగతి మనం కాక ఇంకెవరు చెబుతారు?