గోడ చెరిగినా రాత నిలవాలంటే

శాసనం అనగానే మనకు రాయి గుర్తుకువస్తుంది. బి.ఎల్. రైస్ 1905లో ప్రకటించిన ఎపిగ్రాఫియా కర్ణాటికా పదో సంపుటం అప్పటి కోలారు జిల్లాది. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల శాసనాలు అందులోనే ఉన్నాయి. వాటిలో తెలుగువీ ఉన్నాయి. ఎత్తిరాసేవారు వచ్చేదాకా రాయి శతాబ్దాలు ఓపిక పట్టింది. మరి వచ్చే పండుగకే సున్నం పూసే గోడ మీది రాత మాటేమిటి? దీనికి సమాధానం కోసం మనం ఒకసారి న్యూయార్కు దాకా వెళ్లిరావాలి.

అక్కడ 1970ల దశకంలో కుర్రవాళ్లు భూగర్భ రైలుపెట్టెల మీద రంగు డబ్బాలతో తమ మారుపేర్లు రాసేవారు. ‘టాకీ 183’ అనే సంతకం గురించి 1971లోనే న్యూయార్క్ టైమ్స్ రాసింది. 183 అతని వీధి సంఖ్య. అధికారుల దృష్టిలో అది పాడుపని, రైళ్లను కడిగించారు. మార్తా కూపర్, హెన్రీ చాల్ఫంట్ మాత్రం వాటిని ఫోటోలు తీశారు. మానవశాస్త్రం చదివిన పత్రికా ఛాయాగ్రాహకురాలు కూపర్, రైలుతోపాటు వీధినీ పిల్లలనూ చిత్రించారు. 1980లో పోలీసులు కొట్లాట అనుకుని పట్టుకున్న పిల్లలు తాము చేస్తున్నది నాట్యమన్నారు. ఆ హిప్‌హాప్ నృత్యాన్ని తొలిరోజుల్లోనే ఆమె ఫోటోలకెక్కించారు. శిల్పి అయిన చాల్ఫంట్, ప్లాట్‌ఫారం మీద పక్కకు జరుగుతూ తీసిన ముక్కలను అతికి పెట్టె మొత్తాన్ని చూపారు. వారిద్దరి ‘సబ్‌వే ఆర్ట్’ 1984లో వెలువడింది. 1989 మే నెలలో రాతలున్న చివరి రైలును తీసేశారు. వంకరలు తిప్పిన ఆ అక్షరాలను చేత్తో ఎత్తిరాసి ఉంటే పేర్లు మిగిలేవి, రాత పోయేది.

మన తాలూకాలకు వద్దాం. ఇక్కడ ఎందరికో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. కైవారం తాతయ్య తెలుగు కీర్తనలను కన్నడ లిపిలో చదివి పాడేవారున్నారు. గోడ మీద తెలుగు మాట కన్నడ అక్షరాల్లో కనిపిస్తే మనలోని పండితుడు తప్పులు ఎంచుతాడు. భాషాశాస్త్ర దృష్టిలో అది ఆధారం. తెలుగు వర్ణక్రమం బడిలో నేర్వనివారు చెవికి వినిపించినట్లు రాస్తారు. ఊరి ఉచ్చారణ అందులో దొరుకుతుంది. నోటుపుస్తకంలోకి ఎక్కించేటప్పుడు మన చెయ్యి తెలియకుండానే దిద్దేస్తుంది. మేమూ దిద్దినవాళ్లమే. ఒక ఊరి గోడరాతను సవరించి రాసుకున్నాం. తిరిగి వెళ్లేసరికి గోడకు కొత్త సున్నం. ఆ మనిషి నిజంగా ఏమి రాశాడో ఇప్పుడు మాకూ తెలియదు.

కనుక సెలవులకు ఊరు వెళ్లే విద్యార్థులకు మా విన్నపం ఒక్కటే. ముందు గోడను మొత్తంగా, వీధితో సహా ఫోటో తీయండి. తర్వాత అక్షరాలకు దగ్గరగా తీయండి. ఊరు, తేదీ వేసుకోండి. రాసినవారు దొరికితే వారిచేతనే చదివించి వినండి. దిద్దుబాటు తర్వాతి సంగతి.