గుమ్మం దగ్గర కెమెరా ఎవరి ఆలోచన?

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో ఏ గుమ్మం చూసినా కెమెరానే. బెల్లు మోగితే వచ్చిందెవరో ఫోన్‌లోనే కనిపిస్తారు. ఇదేదో పెద్ద కంపెనీ బుర్రలో పుట్టిందనుకుంటాం కదా! కాదండీ, ఒక ఇల్లాలి భయంలోంచి పుట్టింది.

ఆవిడ పేరు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఉండే నల్లజాతి నర్సు. భర్త ఆల్బర్ట్ ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్. ఇద్దరి డ్యూటీలూ వేళాపాళా లేనివి. ఆ పేటలో నేరాలెక్కువ, పిలిస్తే పోలీసులు వచ్చేసరికి ఆలస్యం. సీసీ టీవీ అప్పటికే ఉన్నా, దాన్ని ఇంటి తలుపుకి తెచ్చింది ఈ దంపతులు. 1966లో పేటెంట్‌కి దరఖాస్తు పెడితే, 1969 డిసెంబర్ 2న వచ్చింది.

తలుపుకి వేర్వేరు ఎత్తుల్లో నాలుగు కన్నాలు. వాటి వెనక పైకీ కిందకీ జరిగే కెమెరా. వచ్చినవాళ్లు పొడుగైనా పొట్టైనా పడకగదిలోని టీవీలో కనిపిస్తారు. మైకులో పలకరించవచ్చు. తెలిసినవాళ్లయితే మీట నొక్కి గడియ తీయొచ్చు, కాకపోతే అలారం మోగించవచ్చు.

నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఆ కెమెరా బయటికి చూసేది, మీట ఇంట్లో ఉన్న ఆడమనిషి చేతిలో ఉండేది. ఇప్పటి కెమెరాలు ముఖాలు కూడా గుర్తుపడుతున్నాయి. కానీ కొన్ని ఇళ్లలో అవి వంటగదివైపు తిరిగాయి. ఆఫీసులో కూర్చున్నవాళ్లు కోడలు ఎంతసేపు నడుం వాల్చిందో, పనమ్మాయి ఏం తిందో చూస్తున్నారు. దొంగ భయం పోయి, ఇంట్లోవాళ్ల భయం వచ్చిందన్నమాట!

కెమెరా కొనండి, తప్పులేదు. బిగించేముందు మాత్రం అది ఎటు చూస్తుందో, దాన్ని ఎవరు చూస్తారో ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి.