దిఙ్నాగుని ప్రమాణసముచ్చయము: ఒక లుప్తగ్రంథ పునరుద్ధరణ చరిత్రము

తర్కశాస్త్రమును, మీమాంసను పఠించిన విద్యార్థులలో దిఙ్నాగుని మతము నెఱుఁగనివారు లేరు. శ్లోకవార్తికమున ప్రత్యక్షసూత్రమును, అపోహవాదమును పాఠము చెప్పు ప్రతి గురువును ఆతని పక్షమును ముందు నిలిపి, పిదప ఖండించును. ఉద్ద్యోతకరుని న్యాయవార్తికము చాలవఱకు నాతనిపై యుద్ధమే. అట్లయ్యును, ఇంతమంది ఖండించిన ఆ మూలగ్రంథము, ప్రమాణసముచ్చయము, సంస్కృతమున సమగ్రముగా నేఁటికిని లభింపలేదు. ప్రతివాదులు బ్రదికియుండఁగా వాది మౌనము వహించిన యీ వ్యవహారమున న్యాయము జరుగుట యెట్లు? గత శతాబ్దిలో పెక్కుదేశముల పండితు లీ ప్రశ్నకు సమాధానము వెదకిరి. ఆ పరిశోధన నడచిన తెఱఁగును, దానివలన తేలిన ప్రమాణనియమములను వివరించుట యీ వ్యాసమునకు ప్రయోజనము.

దిఙ్నాగుఁడు క్రీస్తుశకము 5వ శతాబ్ది చివరను, 6వ శతాబ్ది మొదటను ఉండెనని నేఁటి పండితులు సామాన్యముగా నంగీకరించుచున్నారు. టిబెట్టు చరిత్రకారులైన బు-స్తోను (1322), తారానాథుఁడు (1608) ఆతఁడు కాంచీ ప్రాంతమున జన్మించెననియు, మొదట వాత్సీపుత్రీయ శాఖలో ప్రవ్రజ్య గైకొని, పిదప వసుబంధునకు శిష్యుఁడయ్యెననియు వ్రాసిరి. వీరిద్దఱును దిఙ్నాగునకు ఎనిమిది శతాబ్దులకు తరువాతివారు. ఆతనికి సమీపకాలమున నున్న సాక్షి చైనా యాత్రికుఁడు హ్యూయన్‌త్సాంగు. 629లో స్వదేశము వీడి 645లో తిరిగి చేరిన యీ యాత్రికుఁడు ఆంధ్రదేశమును దర్శించి, దాని రాజధానికి నైరృతిదిశను సుమారు 20 లీల దూరమున నొంటరి కొండ యొకటి కలదనియు, దానిపై శిలాస్తూపము కలదనియు, అచ్చట 'చెన్-న' బోధిసత్త్వుఁడు హేతువిద్యాశాస్త్రమును రచించెననియు చెప్పెను. ఆ రాజధాని వేంగీపురమని, అనఁగా నేఁటి ఏలూరునకు సమీపమున నున్న పెదవేగి యని, పండితుల నిర్ణయము.

ఇచ్చట నొక చిన్న పొరపాటు పెద్ద మఱుపునకు కారణమైనది. యూరోపు అనువాదకులు మొదట ఈ 'చెన్-న' శబ్దమును 'జిన' యని చదివిరి. 1884లో ప్రకటితమైన బీలు ఆంగ్లానువాదమునను ఆ నామమే యున్నది. అందుచే ఆంధ్రదేశమున తర్కగ్రంథము రచించినవాఁడు ఎవఁడో 'జినుఁ'డని చదువరులు తలఁచిరి. చైనా భాషలో దిఙ్నాగునకు వ్యవహారనామము 'చెన్-న' యే యని తరువాతి పరిశోధకులు స్థాపించిన పిమ్మట గాని ఆ కొండకును న్యాయశాస్త్ర చరిత్రమునకును గల సంబంధము వెల్లడి కాలేదు. ఒక్క యక్షరము తప్పుగ చదువుటచే నొక దేశము తన చరిత్రములోని యొక యధ్యాయమును కోల్పోవుట కిది నిదర్శనము.

ఐనను, ప్రమాణసముచ్చయము వేంగిలో రచింపఁబడెనని యీ సాక్ష్యమువలన సిద్ధింపదు. యాత్రికుఁడు చెప్పినది 'హేతువిద్యాశాస్త్రము' అను సామాన్యనామము. అది న్యాయముఖమను చిన్నగ్రంథమున కెక్కువగ నన్వయించును. ఏలయన హ్యూయన్‌త్సాంగు స్వయముగ చైనా భాషలోనికి మార్చినది ఆ గ్రంథమునే. మఱియు, దిఙ్నాగుఁడు స్వార్థమునకై శాస్త్రరచన మాన నుద్యమింపఁగా మంజుశ్రీ ప్రత్యక్షమై మందలించెనను కథను యాత్రికుఁడు వేంగియందు చెప్పఁగా, టిబెట్టు చరిత్రకారు లటువంటి కథనే ఓఢ్రదేశపు గుహయందు చెప్పుచున్నారు. ఒకే కథ రెండు తావులకు చేరినపుడు కథను తావునకు ప్రమాణముగ గైకొనరాదు. దిఙ్నాగుఁడు వేంగీప్రాంతమున నివసించెనను స్మృతి ఆతని తరువాత నూఱు నూటయేఁబది యేండ్లకు అచ్చట నిలిచియుండెనని మాత్రము నిశ్చయముగ చెప్పవచ్చును. అంతకు మించినది దేశాభిమానమే గాని ప్రమాణము గాదు.

ఆంధ్రుల వాఙ్మయమున ఆతని స్మృతి మఱియొక రూపమున నిలిచినది. మేఘసందేశమునకు వ్యాఖ్య వ్రాసిన కోలాచల మల్లినాథసూరి, పూర్వమేఘమందలి 'దిఙ్నాగ' శబ్దమున శ్లేషను చూపి, దిఙ్నాగాచార్యుఁడు కాళిదాసునకు ప్రతిపక్షియని సూచించెను. కాలనిర్ణయమునకు ఈ సూచన పనికిరాదు. అయినను మహాతార్కికుఁ డొకఁడు కాలక్రమమున కావ్యవ్యాఖ్యానమున నొక శ్లేషగా మాత్రమే మిగిలెననుట చింతింపఁదగిన విషయము.

ఇఁక నాతని మతసారము. ప్రమాణసముచ్చయమున ఆఱు పరిచ్ఛేదములు కలవు: ప్రత్యక్షము, స్వార్థానుమానము, పరార్థానుమానము, దృష్టాంత దృష్టాంతాభాసములు, అపోహము, జాతి. ప్రమేయములు స్వలక్షణమనియు సామాన్యలక్షణమనియు రెండే గావున ప్రమాణములును ప్రత్యక్షానుమానములు రెండే యని ఆతని సిద్ధాంతము. నామజాత్యాదియోజన లేని జ్ఞానమే ప్రత్యక్షము, దీనినే కల్పనాపోఢమనిరి. హేతువు పక్షమున నుండుట, సపక్షమున నుండుట, విపక్షమున లేకుండుట యను త్రైరూప్యమును ఆతఁడు నియతముగ నిరూపించెను. సపక్షమునందు హేతువు అంతట నుండుట, కొంత నుండుట, లేకుండుట యను మూఁడు భేదములను, విపక్షమునందలి మూఁడు భేదములతో గుణింపఁగా తొమ్మిది ప్రకారము లేర్పడును. ఇదియే హేతుచక్రము. వీనిలో రెండు సద్ధేతువులు, రెండు విరుద్ధములు, ఐదు అనైకాంతికములు. శబ్దము అనిత్యము, కృతకము గావున, ఘటమువలె, అనునది సద్ధేతువునకు ప్రసిద్ధోదాహరణము. శబ్దము నిత్యము, శ్రావణము గావున, అనినచో సపక్షవిపక్షములు రెంటను హేతువు లేనందున అది అసాధారణానైకాంతికము. హేతుదోషములను ఊహచే నేఱుటకు మాఱుగా, సంభవింపఁదగిన ప్రకారములన్నింటిని ముందే లెక్కించి పరీక్షించుట ఆతని విశేషము.

ఇట్టి గ్రంథము లోపించుటకు కారణములు రెండు. బౌద్ధవిహారములు క్షీణించుట యొకటి. రెండవది బౌద్ధులలోనే కలిగినది: ధర్మకీర్తి రచించిన ప్రమాణవార్తికము ప్రచారమునకు వచ్చిన పిదప మూలమునకు బదులు వార్తికమునే చదువుట ఆచారమయ్యెను. కొడుకు కీర్తియే తండ్రి నామమును కప్పినట్లయ్యెను.

మూలము పోయినను నాలుగు విధములైన సాక్షులు మిగిలిరి. ఒకటి, వైదికదార్శనికుల ఖండనములు: ఉద్ద్యోతకరుఁడు, కుమారిలభట్టు, ఉద్ద్యోతకరుని యభిప్రాయమును విప్పి ప్రతిపక్షిని పేరుతో చూపిన వాచస్పతిమిశ్రుఁడు, శ్లోకవార్తికవ్యాఖ్యాత పార్థసారథిమిశ్రుఁడు. రెండు, జైనాచార్యుల గ్రంథములు: మల్లవాది నయచక్రమును, దానికి సింహసూరి వ్రాసిన వ్యాఖ్యయు దిఙ్నాగవాక్యములకు పెద్దగని. బౌద్ధుఁడైన శాంతరక్షితుని తత్త్వసంగ్రహమును సైతము జైన భాండారములే కాపాడినవి. మూఁడు, టిబెట్టు అనువాదములు: ప్రమాణసముచ్చయవృత్తికి వసుధరరక్షితుని సాహాయ్యమున నొకటియు, కనకవర్మ సాహాయ్యమున నొకటియు, రెండనువాదము లున్నవి, ఇవి పెక్కుచోట్ల నొండొంటితో నేకీభవింపవు. నాలుగు, చైనా అనువాదములు: న్యాయముఖము, ఆలంబనపరీక్ష మొదలగునవి ఆ భాషలో నిలిచినవి.

ఈ సాక్షులను క్రమముగ విచారించుట 20వ శతాబ్ది యారంభమునుండి సాగినది. సతీశచంద్ర విద్యాభూషణుని భారతీయ తర్కశాస్త్ర చరిత్రము ఆయన మరణానంతరము 1921లో వెలువడెను. టిబెట్టు మూలముల నాధారముగ గైకొని దిఙ్నాగుని గ్రంథముల నాయన యందు పరిచయము చేసెను. 1926లో రాండలు పండితుఁడు సంస్కృత గ్రంథములందు చెదరియున్న దిఙ్నాగ ఖండములను సేకరించి లండనున ప్రకటించెను. 1930వ సంవత్సరము ఈ చరిత్రమున ముఖ్యమైనది. ఆ యేఁడు మైసూరున రంగస్వామి అయ్యంగారు ప్రమాణసముచ్చయ ప్రథమపరిచ్ఛేదమును టిబెట్టునుండి సంస్కృతమునకు పునర్నిర్మించి ప్రకటించిరి. ఇటలీ పండితుఁడు టూచీ న్యాయముఖమును చైనా భాషనుండి ఆంగ్లమునకు మార్చెను. న్యాయప్రవేశము యొక్క సంస్కృతమూలము ఏ. బీ. ధ్రువగారి సంపాదకత్వమున బరోడాలో వెలువడెను. 1942లో అయ్యస్వామిశాస్త్రిగారు ఆలంబనపరీక్షను పునర్నిర్మించి అడయారునందు ప్రకటించిరి.

న్యాయప్రవేశమును గూర్చిన వివాదము సాక్షిపరీక్షకు మంచి పాఠము. టిబెట్టు సంప్రదాయము దీనిని దిఙ్నాగకృతమనెను. హ్యూయన్‌త్సాంగు 647లో చేసిన చైనా అనువాదము శంకరస్వామికృతమనెను. విధుశేఖర భట్టాచార్యుఁడు మొదటి పక్షమును, టూచీ ప్రభృతులు రెండవ పక్షమును సమర్థించిరి. నేఁటి పండితులలో పెక్కురు శంకరస్వామి పక్షమునే యంగీకరించుచున్నారు. హ్యూయన్‌త్సాంగు దిఙ్నాగుని శిష్యపరంపరకు సన్నిహితుఁడు. టిబెట్టు పరంపర శతాబ్దులకు తరువాతిది. గ్రంథకర్తృనిర్ణయమున సాక్షుల సంఖ్యకంటె సామీప్యమే బలవత్తరమని దీనివలన తేలినది.

1930 ప్రాంతమునుండి రాహుల సాంకృత్యాయనుఁడు పలుమాఱులు టిబెట్టునకు పోయి, మఠములందు మఱుఁగుపడియున్న తాళపత్రప్రతులను కనుఁగొనెను. ప్రమాణవార్తికము సంస్కృతమున లభించి 1938లో బీహారు ఒరిస్సా పరిశోధకసంఘ పత్రికకు అనుబంధముగ ప్రకటితమయ్యెను. ఈ లాభముతో నొక ప్రమాదమును కలిగెను. వార్తికము సమగ్రముగ దొరకుటచే దానినిబట్టి దిఙ్నాగుని వ్యాఖ్యానించుట సులభమయ్యెను. కాని ధర్మకీర్తి ప్రత్యక్షలక్షణమునకు అభ్రాంతపదమును చేర్చెను. హేతుసాధ్యముల సంబంధమును తాదాత్మ్యతదుత్పత్తుల ద్వారమున స్థాపించెను. ఈ రెండును దిఙ్నాగుని యందు ఆ రూపమున లేవు. శిష్యుఁడు చెప్పినదానిని గురువునకు ఆరోపించుట ప్రతివాది వక్రీకరించినదానిని ఆరోపించుటకంటె తక్కువ దోషము గాదు. ఇంకను ఎక్కువ దోషమే యనవచ్చును, ఏలయన ప్రతివాదిని సందేహించుట చదువరికి సహజము, శిష్యుని సందేహించుట సహజము గాదు. వియన్నా పండితుఁడు ఫ్రావుల్నరు 1959లో దిఙ్నాగుని గ్రంథములను కాలక్రమమున నిలిపి, ఆతని భావపరిణామమును ఆతని రచనలనుండియే చూప యత్నించెను.

తరువాతి మహోపకారము జైనమునియైన జంబూవిజయునిది. నయచక్రమును సంస్కరింపఁబూని, అందలి దిఙ్నాగవాక్యములను గుఱుతించుటకై ఆయన టిబెట్టు భాషను నేర్చెను. 1961లో చంద్రానందవృత్తితో వైశేషికసూత్రములను ప్రకటించుచు, అనుబంధమున ప్రమాణసముచ్చయభాగములను చేర్చెను. 1966లో నయచక్ర ప్రథమభాగమును ప్రకటించెను. బౌద్ధుని గ్రంథమును జైనుఁడు టిబెట్టువారి సాక్ష్యముతో నుద్ధరించుట మన శాస్త్రచరిత్రమున స్మరణీయము. 1968లో జపానుదేశీయుఁడు హత్తోరి ప్రత్యక్షపరిచ్ఛేదమును రెండు టిబెట్టు అనువాదములతోను, సంస్కృతఖండములతోను పోల్చి ప్రకటించెను. తుదకు, జినేంద్రబుద్ధి రచించిన ప్రమాణసముచ్చయటీక యొక్క సంస్కృతప్రతి టిబెట్టున నిలిచియుండుటచే, దాని ప్రథమపరిచ్ఛేదము 2005లో ష్టైన్‌కెల్నరు, క్రాసరు, లాసిక్కు అను పండితుల సంపాదకత్వమున వెలువడెను. ద్వితీయపరిచ్ఛేదము 2012లో వెలువడెను. టీక మూలపదములను ప్రతీకలుగ గ్రహించును గనుక, పూర్వము అనువాదములనుండి ఊహింపఁబడిన పదములను సంస్కృతసాక్ష్యముతో సరిచూచుటకు వీలు కలిగెను. 2005లోనే ష్టైన్‌కెల్నరు ప్రథమపరిచ్ఛేదమును తిరిగి నిర్మించెను.

పునర్నిర్మాణమున కలుగు క్లేశము నొక యుదాహరణముచే తెలియవచ్చును. టిబెట్టు భాషలో 'దమిగ్స్-ప' అను పదము ఆలంబనమునకును వాడఁబడును, ఉపలబ్ధికిని వాడఁబడును. ఆలంబనము జ్ఞానమునకు విషయము, ఉపలబ్ధి జ్ఞానమే. వాక్యమున నీ పద మున్నపుడు దేనిని నిలుపవలెనో కోశము చెప్పదు, శాస్త్రమే చెప్పవలెను. అట్లే ప్రతివాదులు పదములను చాలవఱకు యథాతథముగ నుదాహరింతురు గాని, వానిని ముందువెనుకల సందర్భమునుండి తెంచుదురు. కనుక అనువాదము సందర్భమును కాపాడును, ఖండనము పదమును కాపాడును. టీక రెంటిని కలుపును. పదమునకు ప్రతివాదిని, క్రమమునకు అనువాదమును, అభిప్రాయమునకు టీకను ప్రధానముగ గైకొని, మూఁడును ఏకీభవించినచోట మాత్రమే మూలము సిద్ధించెననుట న్యాయము.

ఈ విచారము బౌద్ధగ్రంథములకు మాత్రమే పరిమితము గాదు. శ్లోకవార్తికమును బోధించు పండితులు పూర్వపక్షమును సిద్ధాంతమునకు సోపానముగ మాత్రమే చూచుట వాడుక. కాని ఆ పూర్వపక్షమున నొక గ్రంథము దాఁగియున్నది. దాని కర్త తన మాటలు తానే చెప్పుకొనలేని స్థితిలో నున్నాఁడు. ప్రతిపక్షమును దాని బలముతో చెప్పి పిదప ఖండించుట మన శాస్త్రసంప్రదాయమునకు ధర్మము. కుమారిలుఁ డా ధర్మమును పాటించుటచేతనే, తాను నిరసించిన గ్రంథమునకు తానే రక్షకుఁడయ్యెను. వేంగీపర్వతముపై హ్యూయన్‌త్సాంగు చూచిన శిలాస్తూపముకంటె, మన పాఠశాలలయందు నేఁటికిని వల్లింపఁబడు ఆ ఖండనశ్లోకములే దిఙ్నాగునకు దృఢతరమైన స్మారకములు.