చెవి వైద్యంలో ఒక మలుపు

పిల్లల చెవిలో చీము కారితే, “మామూలే, పెద్దయితే అదే పోతుంది” అనుకోవడం మన ఇళ్ళలో అలవాటు. ఒకప్పుడు ఐరోపాలోనూ అంతే. ఆ చీము ఎముకను తిని, మెదడుకు పాకి, ఎందరి ప్రాణాలో తీసేది. 1873లో వియన్నా విశ్వవిద్యాలయంలో పోలిట్జర్, గ్రూబర్ అనే వైద్యుల ఆధ్వర్యంలో చెవిరోగులకు ప్రత్యేక విభాగం ఏర్పడింది. ప్రపంచంలో ఇదే మొదటిదని చెబుతారు.

తరువాత అక్కడ పనిచేసిన డాక్టర్ రాబర్ట్ బరానీ రోగుల చెవులను నీళ్ళతో కడిగేవారు. నీళ్ళు చల్లగా ఉంటే తల తిరుగుతోందని వాళ్ళు మొరపెట్టుకునేవారు. సరే, వేడిగా పోస్తే? అప్పుడూ తిరిగింది. కాని కనుగుడ్లు ఈసారి ఎదురు దిక్కుకు కొట్టుకున్నాయి! ఈ చిన్న పరీక్షతో లోచెవి పని చేస్తున్నదీ లేనిదీ, కత్తి పెట్టకముందే తెలుసుకునే వీలు కలిగింది.

దీనికి లభించిన 1914 నోబెల్ బహుమతి వార్త, ఆయన రష్యాలో యుద్ధఖైదీగా ఉండగా అందింది. 1916లో విడుదలై స్వీడన్ చేరి, 1936లో మరణించేవరకు ఉప్సలా విశ్వవిద్యాలయంలో సేవ చేశారు.

రోగి మాటను కొట్టిపారేయక ఆలకించినందువల్ల కలిగిన మేలు ఇది. మన బిడ్డ చెవిపోటంటే మనమూ ఆలకించాలి. నూనెచుక్క వేసి ఊరుకోక, డాక్టరుకు చూపించాలి.