ఎగరాల్సిన రోజు కాదది
(యథార్థ గాథ)

1974 జనవరి 20. కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారి. ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం రన్‌వే మీద ఎరుపు, తెలుపు, నీలం రంగుల చిన్న యుద్ధవిమానం పరుగుకి సిద్ధంగా ఉంది. పేరు వైఎఫ్-16, ఎఫ్-16కి తొలి నమూనా. కాక్‌పిట్‌లో దాన్ని తయారుచేసిన జనరల్ డైనమిక్స్ కంపెనీ టెస్ట్ పైలట్ ఫిల్ ఓస్ట్రికర్.

ఇవాళ ఎగిరే పనేం లేదు. వేగంగా పరుగెత్తించి, బ్రేకులు వేసి ఆపేయాలి. ఫోర్ట్‌వర్త్‌లో తయారైన ఈ విమానం సి-5 రవాణా విమానం కడుపులో కూర్చుని ఇక్కడికొచ్చి రెండు వారాలు కూడా కాలేదు.

ఓస్ట్రికర్ కుడిచేతి పక్కన విమానాన్ని అదుపుచేసే ఒక చిన్న స్టిక్ ఉంది. మామూలుగా అది పైలట్ కాళ్ల మధ్య ఉంటుంది, ఎటు తోస్తే అటు కదులుతుంది. ఇది కదలదు. పిడికిలి ఎంత బలంగా నొక్కిందో కొలిచి, ఆ సంగతిని కరెంటు రూపంలో పంపుతుంది. రెక్కల దాకా వెళ్లే ఇనుప తీగలు, కడ్డీలు ఏవీ లేవు. ఎంత నొక్కితే విమానం ఎంత ఒరుగుతుందో కొత్త చేతికి తెలిసేదెలా? అసలు చిక్కంతా అక్కడే.

వేగం పెరిగింది. ముక్కు లేచింది. ఒక పక్కకి ఒరిగింది. సరిచేయబోతే రెండో పక్కకి ఇంకా ఎక్కువ ఒరిగింది. దిద్దినకొద్దీ ఊపు పెరుగుతోంది, ఉయ్యాలలా. ఎడమ రెక్క చివరనున్న క్షిపణి నేలకి తగిలింది. ఆ వెంటనే తోక దగ్గరి కుడి రెక్క రన్‌వేని రాసుకుంది. విమానం దారి తప్పి రన్‌వే అంచువైపు మళ్లింది.

ఇక్కడి పైలట్లకి ప్రమాదమంటే వినికిడి కబురు కాదు. 1948లో వైబీ-49 విమానం కూలి చనిపోయిన పైలట్ గ్లెన్ ఎడ్వర్డ్స్ పేరే ఈ స్థావరానికి పెట్టారు.

ఆపితే పక్కనున్న మట్టిలోకి దూసుకుపోతుంది. లేపితే, ఇంతవరకూ ఒక్కసారీ ఎగరని విమానం, అప్పటికే దెబ్బతిన్న తోక. ఓస్ట్రికర్ లేపాడు. నేలమీద మాట వినని యంత్రాన్ని గాల్లోకి తీసుకెళ్లడం తెగింపులా కనిపిస్తుంది గానీ, నా దృష్టిలో ఆ క్షణాన అంతకన్నా జాగ్రత్తైన పని లేదు. పైన రెక్కలకి తగలడానికి నేల ఉండదు, చేతికి ఆ స్టిక్ అలవాటయ్యేందుకు కాస్త వ్యవధి దొరుకుతుంది. స్థావరం చుట్టూ తిప్పి, దాదాపు ఆరు నిమిషాల తర్వాత క్షేమంగా దించాడు.

ఇంజనీర్లు తప్పుని పైలట్ మీదికి నెట్టలేదు. నేలమీద ఉన్నప్పుడు స్టిక్ అంత చురుగ్గా స్పందించకుండా మార్చారు, దెబ్బతిన్న తోక భాగాన్ని బాగుచేశారు. ఫిబ్రవరి 2న అదే ఓస్ట్రికర్, అదే విమానం అధికారికంగా తొలిసారి ఎగిరారు. ఆ తర్వాత ఫ్యాక్టరీ నుంచి వేల సంఖ్యలో వచ్చిన ఎఫ్-16లలో పైలట్ చేతికి తెలిసేలా స్టిక్‌కి కొద్దిపాటి కదలిక కూడా ఇచ్చారు.