ఆరోగ్యభీమాలో జీవితకాలపరిమితి

భీమాపత్రము చేతికి రాగానే మన గృహస్థులు మొదట కట్టవలసిన సొమ్మును, పిదప రాబోవు సొమ్మును చూతురు. ఆ సొమ్ము ఎంతవరకు వచ్చును, ఎచ్చట నిలిచిపోవును అను ప్రశ్న పెక్కుమందికి తోచదు. ఆ ప్రశ్న యెంత ముఖ్యమైనదో అమెరికా సంయుక్తరాష్ట్రముల చరిత్ర చక్కగా బోధించుచున్నది. మన తెలుగు కుటుంబములు వేలకొలది అక్కడ కాపురముండుటచే ఆ చరిత్ర మనకు పరాయిది గాదు.

ఈ కథ బడిపంతుళ్లతోనే మొదలగుట మాబోటి ఉపాధ్యాయులకు విశేషముగా దోచును. 1929లో టెక్సాసు రాష్ట్రమందలి డల్లాసు నగరమున బేలరు వైద్యాలయపు టధికారి జస్టిన్ ఫోర్డు కింబల్ అనునాయన, చెల్లని బాకీలలో ఉపాధ్యాయుల పేర్లు పెక్కు కనుగొనెను. ఆయన పూర్వము ఆ నగరపు పాఠశాలల కధికారిగా నుండినవాడు. నెలకు 50 సెంటులు చెల్లించిన ఉపాధ్యాయునకు ఏడాదికి 21 దినముల ఆసుపత్రివాసము లభించునట్లు ఆయన యేర్పాటు చేసెను. వేయిమందికి పైగా చేరిరి. బ్లూక్రాసు భీమాలకు ఇదియే బీజము.

ఆ 21 దినముల మాటలోనే పరిమితి యిమిడియున్నది. రెండవ ప్రపంచయుద్ధానంతరము పెద్దజబ్బులకు వేరు భీమాలు వెలసినప్పుడు దినములకు బదులు డాలర్లు లెక్కకు వచ్చెను. ఒక మనుష్యునకు బ్రతుకంతటిలో ఇంతకు మించి యియ్యమని కంపెనీలు నిబంధన వ్రాసికొనెను. ఈ మొత్తము పలుచోట్ల పదిలక్షల డాలర్లు. అంతులేని బాధ్యతను ముందుగా లెక్కకట్టుట దుష్కరమని వారి వాదము. ఆ వాదమును మేము త్రోసివేయము. కాని దాని ఫలమేమి? జలుబు, విరిగిన చేయి, సుఖప్రసవము గలవారి కా నిబంధన యున్నదన్న సంగతియే తెలియదు. నెలలు నిండక పుట్టిన శిశువునకు, జీవితాంతము ఔషధము వలసిన రక్తస్రావరోగికి మాత్రము అదియే అడ్డుగోడ. ఎవనికై భీమా పుట్టెనో వానినే అది నడిమార్గమున విడిచెను.

2010 మార్చి 23వ తేదీన అధ్యక్షుడు ఒబామా సంతకముచేసిన శాసనము, ముఖ్యవైద్యసేవల విషయమున ఈ జీవితకాలపరిమితిని తొలగించెను. 10 కోట్ల 50 లక్షల మందికి దీనివలన విముక్తి గలిగెనని ప్రభుత్వ గణన. సొమ్మునకు సంబంధించిన వార్షికపరిమితియు ఆ సేవలకు 2014 నాటికి పోయెను. అయినను అన్ని హద్దులును చెరిగిపోలేదు. 1965 శాసనమువలన వృద్ధుల కేర్పడిన మెడికేరులో, ప్రత్యేక మానసికవైద్యశాలలయందలి నివాసమునకు బ్రతుకంతటికి 190 దినములే యను నియమము నేటికిని గలదు.

మన దేశమున సాధారణముగా కనబడునది వార్షికపరిమితి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆరంభమైన ఆరోగ్యశ్రీలో సయితము కుటుంబమునకు ఏటికి లక్షన్నర రూపాయలు, అవసరమైన మరి యేబదివేలు అని విధించిరి. వార్షికపరిమితి యేటేట నిండు చెరువు. జీవితకాలపరిమితి ఒక్కసారి నింపిన గాదె. రెంటికిని భేదమెరుగక సంతకము చేయరాదు.

కావున చదువరులు పత్రమును తెచ్చుకొన్నప్పుడు మూడు సంగతులు విచారింతురు గాక: హద్దు ఎంత? అది ఏటేట తిరిగి నిండునా? ఇంటిల్లిపాదికి ఒక్కటియా, మనిషికొక్కటియా? ఈ ప్రశ్నలు ఆరోగ్యముగా నున్ననాడే అడుగవలయును. మంచము పట్టిన పిమ్మట అడిగినను ప్రత్యుత్తరము మారదు.