ఒక్క అక్షరం ఖరీదు

2021 జూన్‌లో మా చెల్లికి కంప్యూటర్ కొనిపెట్టే పని నా మీద పడింది. ఆర్కిటెక్చర్ రెండో ఏడాది. క్లాసులన్నీ ఆన్‌లైన్లోనే, డ్రాయింగులన్నీ ఫోన్లో కళ్ళు చికిలించుకుని చూస్తోంది. క్రిప్టో మైనింగ్ పుణ్యమా అని గ్రాఫిక్స్ కార్డుల ధరలు ఆకాశంలో ఉన్నాయి. కార్డు సంగతి తర్వాత చూద్దాంలే అనుకుని, కాస్త చవకగా వస్తోందని కోర్ ఐ5-10400ఎఫ్ ప్రాసెసర్ తీసుకున్నాను. ఇంటికొచ్చి అన్నీ బిగించాం. ఫ్యాన్ తిరిగింది, లైట్లు వెలిగాయి, తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. చివరున్న ఆ ‘ఎఫ్’కి అర్థం, తెర మీద బొమ్మ చూపించే భాగం ఇందులో పనిచెయ్యదని.

“చదవకుండానే కొన్నావా అన్నయ్యా?” అంది చెల్లి. చదివాను. అర్థం కాలేదంతే.

ఆ రాత్రి మొదలుపెట్టిన వెతుకులాట నన్ను 1998 దాకా తీసుకెళ్ళింది. ఆ ఏడాది ఇంటెల్ ఐ740 అనే విడి గ్రాఫిక్స్ చిప్‌ని మార్కెట్లోకి వదిలింది. పోటీలో నిలవలేక మరుసటేడే ఆ వ్యాపారంలోంచి తప్పుకుంది. కానీ పడ్డ శ్రమ వృథా పోలేదు. 1999లో వచ్చిన 810 చిప్‌సెట్లో దాని వారసుణ్ణే పొదిగారు. విడి కార్డు అక్కర్లేదు. కావలసిన మెమరీని కంప్యూటర్ ర్యామ్‌లోంచే తీసుకుంటుంది. ఉమ్మడి కాపురం లెక్క. ఖర్చు తగ్గింది, వేగమూ తగ్గింది. ఆటలాడేవాళ్ళు వెక్కిరించారు. ఉత్తరాలు, లెక్కలు రాసుకునేవాళ్ళకి మాత్రం అదే చాలింది.

చిప్‌సెట్లో కాదు, ప్రాసెసర్లోనే గ్రాఫిక్స్ కలిపేద్దామన్న ఆలోచన అంతకన్నా ముందే ఉంది. 1997లో సైరిక్స్ సంస్థ మీడియాజీఎక్స్‌తో ఆ పని చేసింది. ఇంటెల్ కూడా టిమ్నా పేరుతో ప్రయత్నించి, 2000లో అమ్మకానికి రాకముందే ఆపేసింది. 2006లో ఏఎమ్‌డీ ఏకంగా గ్రాఫిక్స్ సంస్థ ఏటీఐని సుమారు 540 కోట్ల డాలర్లకి కొనేసింది. ఆ కలయిక ఫలం ప్రాసెసర్‌గా జనం చేతికి రావడానికి 2011 దాకా పట్టింది. ఈలోగా, 2010 జనవరిలో ఇంటెల్ రెండు సిలికాన్ ముక్కల్ని ఒకే ప్యాకేజీలో పక్కపక్కన పెట్టింది. ఏడాది తిరిగేసరికి శాండీ బ్రిడ్జ్‌లో అవి ఒకే ముక్క అయ్యాయి.

మరి ఇంత కష్టపడి కలిపినదాన్ని విడదీయడమెందుకు? 2019 మొదట్లో, చిప్పులకి కొరతగా ఉన్న రోజుల్లో, ఇంటెల్ ఈ ‘ఎఫ్’ రకాన్ని తెచ్చింది. ముక్క అదే, గ్రాఫిక్స్ భాగాన్ని మూసేసి అమ్ముతారు. ఎలాగూ పెద్ద కార్డు పెట్టుకునేవాడికి అది పొదుపే. కార్డు లేనివాడికి నల్ల తెర.

మర్నాడు షాపుకెళ్ళి బతిమాలితే, కొంత కోసుకుని, ‘ఎఫ్’ లేని 10400 ఇచ్చారు. తెర వెలిగింది. అయినా త్రీడీ మోడల్ తిప్పితే నత్తనడకే. మళ్ళీ చదివాను. ఈసారి తప్పు ర్యామ్‌ది. 8 జీబీది ఒకటే పెట్టాను. ఆ ప్రాసెసర్‌కి ఒక ర్యామ్ కర్ర నుంచి సెకనుకి సుమారు 21 జీబీ సమాచారం అందుతుంది. రెండు పెడితే 42. ఉమ్మడి కాపురంలో వంటగది ఒకటే కాబట్టి, దాని దారి వెడల్పయితే ఇద్దరికీ సుఖం. రెండో కర్ర పెట్టాక మోడల్ పరుగెత్తలేదు గానీ, నడిచింది.

ఇప్పుడెవరైనా అడిగితే మూడే మాటలు చెప్తాను. కార్డు ఇవాళే కొంటున్నావా, తర్వాతా? తర్వాత అయితే ‘ఎఫ్’ వద్దు. ఆటలు కూడా కావాలంటే ఏఎమ్‌డీలో ‘జీ’ అక్షరమున్న రైజెన్‌లు చూడు. ర్యామ్ ఎప్పుడూ జంటగా కొను.

చెల్లి ఫస్ట్ క్లాసులో పాసయింది. గ్రాఫిక్స్ కార్డు మాత్రం ఇప్పటికీ కొనలేదు. మొదట డబ్బుల్లేక, తర్వాత అవసరం లేక.